రాజశ్రీ కట్టిన పడవ

"బాత్రూమ్ల ఏందే ఇది? నేను స్నానం జెయ్యాలెనా, దీనికి జేపియ్యాలెనా?"

ఉపేందర్ అరుపుకి రాజశ్రీ పిండి చేతులతోనే పరిగెత్తింది. నీళ్ల డ్రమ్ములో మూరెడు పడవ కాస్త ఎడమకు ఒరిగి తేలుతోంది. నీరు కారుతుందేమో చూద్దామని లేవగానే వదిలి, టిఫిన్ల హడావిడిలో మరిచిపోయింది. ఆమె మొగుడి మొహం చూడలేదు, పడవ మూత తీసి లోపల వేలితో తడిమింది. పొడిగా ఉంది. ప్రాణం లేచొచ్చింది.

"నలభై దాటినంక బొమ్మలాటలా! నలుగురింటే నవ్వుతరు" అన్నాడు ఉపేందర్. హాల్లోంచి అత్త శాంతాబాయి అందుకుంది. "మా కాలంల ఇంత తీరిక యాడిది బిడ్డా!"

తీరిక అన్నమాట రాజశ్రీ చెవిలో చాలాసేపు గింగురుమంది. నాచారంలో పగలంతా సర్క్యూట్ బోర్డులకు టంకం పెట్టి, వస్తూ వస్తూ కూరగాయలు మోసుకుని ఉప్పల్ ఇంటికి చేరితే, గిన్నెలు ఆమె కోసమే సింకులో కాచుక్కూర్చుంటాయి. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ "ఆడోళ్ల చేతులు నాజూకు, గీ పనికి మీరే కరెక్టు" అంటాడు గానీ, ప్రమోషన్ల మాట వచ్చినప్పుడు ఆ నాజూకు సంగతి ఎవరికీ గుర్తుండదు. తిన్నాక అందరూ కునుకు తీసే ఆదివారం మధ్యాహ్నాలు మాత్రమే ఆమెవి. వాటిలోనే పడవ పుట్టింది.

ఓవర్‌టైమ్ చేసి వస్తూ ఒకనాడు నాచారం చెరువు దగ్గర ఆగింది. గట్టు మీద ట్రాక్ ప్యాంటు వేసుకున్న అమ్మాయి, చేతిలో రిమోట్. నీళ్ల మీద చిన్న తెల్ల పడవ పాలనురగ గీతలు గీస్తూ పోతోంది. పోచారంలో సాఫ్ట్‌వేర్ పని చేసే ఆ హిమజ, రాజశ్రీ కదలకుండా నిలబడి చూడటం గమనించి, "నడుపుతవా అక్కా?" అని రిమోట్ చేతిలో పెట్టేసింది. రాజశ్రీ బొటనవేలు కదిపింది. అంత దూరాన పడవ ముక్కు తిప్పింది. ఆమె మళ్లీ మళ్లీ కదిపింది. ఇంట్లో టీవీ రిమోట్ కూడా ఆమె చేతికి ఎప్పుడూ రాలేదు.

పుట్టినూరు గోదావరి ఒడ్డున. చిన్నప్పుడు పడవలో తమ్ముడికి తెడ్డు ఇచ్చి, ఆమె చెయ్యి చాపితే, "ఆడివిల్లవు, నడుమ కూసో" అన్నారు పెద్దవాళ్లు. పెళ్లయ్యాక కూడా ఆమె నడుమనే కూర్చుంది. అటు అత్త, ఇటు మొగుడు. ఎటు పోదామని ఆమెను ఎవరూ అడగలేదు. నీళ్లు చూస్తే మాత్రం లోపల ఏదో లాగేది. దాన్ని ఏమనాలో ఆమెకు తెలియదు. ఆకలి కాదు, దిగులూ కాదు.

హిమజ నేర్పింది. బెండులా తేలికైన సన్నటి బాల్సా చెక్కను వంచి పక్కటెముకల్లా నిలబెట్టడం, మీద గుడ్డ పరిచి జిగురు పూయడం, మోటారు ఇరుసు గొట్టంలో గ్రీజు నింపి నీళ్లు రాకుండా చూడటం. వైర్ల పని రాజశ్రీకి ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి పడవ డ్రమ్ములోనే మునిగింది. ఏడుపొచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. ఒక వస్తువు చెడిపోతే తనను తిట్టడానికి ఎవరూ లేకపోవడం అదే మొదటిసారి.

ఈ రెండోది నిలిచింది. ఎడమకు ఒరగకుండా అడుగున సీసం గుండ్లు సర్ది, నీలిరంగు వేసింది. వచ్చే ఆదివారం పొద్దున చెరువులో వదుల్దామని హిమజతో అనుకుంది. కానీ ఆ రోజే చెంగిచెర్లలో ఆడబిడ్డ సంతోషి కొడుకు పుట్టినరోజు. "పొద్దుగాలనే పోవాలె, వంటకు నువ్వే దిక్కు" అన్నాడు ఉపేందర్.

ఆ మధ్యాహ్నం సంతోషి ఇంటి వంటింట్లో బగారా అన్నం దించి చెమట తుడుచుకుంటుంటే, హాల్లోంచి చప్పట్లు వినిపించాయి. వాటి మధ్య సన్నగా గుర్రుమంటున్న మోటారు. కన్నబిడ్డ ఏడుపు తల్లికి తెలిసినంతగా ఆ చప్పుడు ఆమెకు తెలుసు. గుమ్మంలోకి వచ్చింది. ఉపేందర్ చుట్టి తెచ్చిన రంగుకాగితం చింపి, మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు నీలిపడవను గాల్లో ఎత్తి తిప్పుతున్నారు.

"మస్తుంది. యాడ కొన్నవన్నా?" అడిగింది సంతోషి.

"అమీర్‌పేటల" అన్నాడు ఉపేందర్, రాజశ్రీని చూడకుండా.

ఆమెకు మండింది పడవ ఇచ్చేసినందుకు కాదు. అడిగితే ఏమో, ఇచ్చేదేనేమో. ఆ ఒక్క మాటతో ఆ మధ్యాహ్నాలన్నీ లేకుండా పోయాయి. చెక్క వంచిన వేళ్లు, మునిగిన మొదటి పడవ, నవ్వు, ఏడుపు, అన్నీ.

"కొన్నది కాదు. నేను జేసిన" అంది.

"నువ్వా వదినా!" సంతోషి నవ్వింది. అందరూ నవ్వారు. "ఊకో. ఇంటికి పోయినంక మాట్లాడుకుందాం" అన్నాడు ఉపేందర్ పళ్లబిగువున.

రాజశ్రీ కొంగుతో చేతులు తుడుచుకుని పిల్లవాడి ముందు కూర్చుంది. "బిడ్డా, ఇది అత్తమ్మది. నువ్వొస్తే నీకొకటి జేసుడు నేర్పిస్త. ఇది మాత్రం నాది." వాడు ఆమెనూ పడవనూ చూసి, "నిజంగ నేర్పిస్తవా?" అని, ఆమె తలూపగానే బెలూన్ల వైపు పరిగెత్తాడు. పడవనూ రిమోట్‌నూ సంచిలో పెట్టుకుని ఆమె చెప్పులు వేసుకుంది. "వడ్డన ఎవలు జేస్తరే?" శాంతాబాయి గొంతు వీధిదాకా వెంటాడింది.

చెరువు చేరేసరికి ఎండ మెత్తబడింది. గట్టు దిగి పడవను నీళ్ల మీద వదిలింది. ఒరగలేదు. వేలు కదపగానే బయల్దేరింది, తిన్నగా, తలెత్తుకుని. ఇంత వెడల్పు నీళ్లను అది ఎన్నడూ చూడలేదు. ఆమె చూపు దాని వెంటే పోయింది. ఇంకా, ఇంకొంచెం. నడిమధ్యకు పోయాక ఆగిపోయింది. ఎంత నొక్కినా కదల్లేదు. అంతమంది చేతుల్లో తిరిగి తిరిగి బ్యాటరీ అయిపోయినట్టుంది.

కంగారుగా హిమజకు ఫోన్ చేసింది.

"ఫికర్ జెయ్యకు అక్కా, మునగది. గాలే ఒడ్డుకు తెస్తది. జర ఓపిక వట్టు."

గాలి అవతలి ఒడ్డు వైపు వీస్తోంది. రాజశ్రీ గట్టు మీద కూర్చుంది. ఫోన్ మళ్లీ మోగింది, ఉపేందర్.

"ఎక్కడున్నవ్? ఇజ్జత్ దీసినవ్ గదనే. అమ్మ బీపీ గోలీ యాడ వెట్టినవ్?"

"అత్త సంచి ముందటి జేబుల ఉంది. నువ్వే ఇయ్యి."

అవతల సంచి జిప్పు లాగిన చప్పుడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "నీ కోసం ఎంతసేపు సూడాలె?"

నీళ్ల నడుమ నీలిచుక్కలా ఉన్న పడవ మీంచి ఆమె చూపు తిప్పలేదు.

"తెల్వదు. నేను గూడ సూస్తనే ఉన్న."