దారి వదలని ఇళ్లు

వానలు పట్టే ముందు ఏటా ఒకసారి కాకిదిబ్బలో ఇళ్లు సముద్రానికి దూరంగా నాలుగడుగులు వెనక్కి జరుగుతాయి. ఆ రోజుల్లో ఆడవాళ్లు ఉట్టి మీది కుండలు దించి నేల మీద పెట్టుకుంటారు, పసిపిల్లల ఉయ్యాలలు విప్పేస్తారు. ఎవరింటి వెనక వాళ్లు తాడు కట్టుకుంటారు. తాడు తగిలిన చోట ఇల్లు ఆగుతుంది. జరిగిన ఇంటి ముందు కొత్తగా కళ్లాపి చల్లుకుని ఎవరి పనిలో వాళ్లు పడతారు.

పంతొమ్మిదివందల అరవైరెండులో, ఇళ్లు జరగడానికి ఇంకా వారం గడువుండగానే పేరమ్మ కుండలు దించేసింది. ఆ శుక్రవారం ఎండుచేపల గంపతో పడవెక్కి, సరస్సు దాటి సూళ్లూరుపేట సంతకు పోయి వచ్చింది. వచ్చేసరికి తమ్ముడు కామాక్షయ్య గడపలో కూర్చుని ఉన్నాడు. గూడూరులో ఒక ఇంజనీరు ఆఫీసులో ప్లాన్లు గీసే ఉద్యోగం వాడిది. అమ్మా నాయనా పోయాక వాణ్ణి సాకి చదివించింది ఆమే. సెలవు లేని రోజున వాణ్ణి చూసి ఆమె గంప దించకుండానే అడిగింది.

"ఏందిరా, ఉద్యోగం పోయిందా?"

"పోలేదక్కా. పోగొట్టుకోవాల్నా వద్దా అని నిన్ను అడగడానికొచ్చినా."

మద్రాసులో రెండేళ్ల చదువట. పట్టణం ఎట్లా పెరగాలో, వీధి ఎక్కడ వేయాలో, మురుగునీళ్లు ఎటు పోవాలో నేర్పుతారట. ఎవరో మానుకుంటే సీటు ఖాళీ అయింది. సోమవారం సాయంత్రంలోగా డబ్బు కట్టాలి. ఫీజు, హాస్టలు, పుస్తకాలు అన్నీ కలిపి రెండు వేల పైచిలుకు. ఆఫీసులో సెలవు కుదరదు, రాజీనామా ఇచ్చి పొమ్మన్నారు.

"చదివితే ఏమొస్తాది?"

"ఉద్యోగమొస్తే ఇప్పటి జీతానికి రెండింతలు."

"రాకపోతే?"

కామాక్షయ్య సీటు ఉందని వచ్చిన ఉత్తరాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. "రాష్ట్రం మొత్తానికి అట్టాంటి ఉద్యోగాలు పదో పన్నెండో ఉండాయంట. మా హెడ్డుగుమాస్తా నవ్వినాడక్కా. ఊళ్లు వాటంతటవే పెరగతాయి గదయ్యా, దానికి చదువెందుకు అన్నాడు."

పేరమ్మకున్నది పడవ ఒక్కటే. మొగుడు ఆదెయ్య జ్వరంతో పోయాక దాన్ని వాటాకిచ్చి, వచ్చిన చేపలు ఎండబెట్టి అమ్ముకుంటోంది. కొంటానని రంగనాయకులు రెండుసార్లు అడిగాడు. అమ్మితే చదువు గట్టెక్కుతుంది. అమ్మాక వీడు ఉత్త చేతులతో తిరిగొస్తే?

"వద్దులేరా," అంది.

"సరే," అన్నాడు వాడు. అంత తొందరగా ఒప్పుకున్నందుకు ఆమెకు ఇంకా భయమేసింది.

మర్నాడు మధ్యాహ్నం గాలి తిరిగింది. తూర్పున ఆకాశం నల్లబడింది. పేరమ్మ ఆరేసిన చేపలు ఎత్తుతుండగా కాళ్ల కింద ఇసుక వణికింది. ఇళ్లు కదిలాయి. ఇంకా ఎవరూ తాళ్లు కట్టుకోలేదు. నాలుగడుగులు దాటాయి, పదడుగులు దాటాయి, ఆగలేదు. వాటి వెనకే సముద్రం హోరు. ముందున్నది ఇసుకమెట్ట. మెట్టకు దారి ఒక్కటే. ఊళ్లో ఇళ్లన్నీ ఆ దారిలోకే తోసుకున్నాయి. గోడలు రాసుకుని మట్టి పెళ్లలు రాలుతున్నాయి. మనుషులు నడుమ ఇరుక్కుని కేకలు పెడుతున్నారు.

పేరమ్మ తన ఇంటికీ పక్కింటి నాగులమ్మ ఇంటికీ మధ్య చిక్కుకుంది. ఒక గోడ రొమ్ముకు ఆనింది, ఇంకొకటి వీపుకు. ఊపిరి సగమే అందుతోంది. సందు చివర తమ్ముడు కనిపించాడు. భుజాన వలతాళ్ల చుట్ట ఉంది.

"ఒరే! ఈడుండా! ఈడ!"

వాడు ఆమెను చూశాడు. చూసి, అవతలికి పరుగెత్తాడు.

ఆ తర్వాత ఆమెకు సముద్రం హోరు కూడా వినపడలేదు. ఇన్నేళ్లు గంప మోసి పెంచిన పిల్లోడు, కళ్లారా చూసి వదిలేసి పోయినాడు. గోడ ఇంకో అంగుళం జరిగింది. కేక వేయడానికి గాలి చాలలేదు.

కామాక్షయ్య పోయింది దారి మొదటికి. అక్కడ హజరత్తయ్య ఇల్లు అడ్డం తిరిగి దారి మూసేసింది. వెనక ఇళ్లన్నీ దాని మీదే పడుతున్నాయి. కామాక్షయ్యా హజరత్తయ్యా కలిసి తెడ్లు ఇసుకలో పాతి, ఇంటికి ఒక్క మూల మాత్రమే తగిలేట్టు తాడు బిగించారు. ఆ మూల ఆగింది. రెండో మూల నడుస్తూనే ఉంది. ఇల్లు మెల్లగా పక్కకు తిరిగి నిలబడింది. అక్కణ్ణించి దారికి రెండు వైపులా తాళ్లు లాక్కుంటూ పోయారు. ఇళ్లు ఒకదాని వెనక ఒకటి సర్దుకుని మెట్టెక్కసాగాయి. చివరికి పేరమ్మ రొమ్ము మీది గోడ వదిలింది.

నీళ్లు మోకాలి లోతు వచ్చి, పొద్దు వాలేలోగా తిరిగిపోయాయి. మెట్ట మీద అందరూ ఉన్నారు. పేరమ్మ తమ్ముడి చెంప పగలగొట్టింది. ఆ చేత్తోనే వాడి చెయ్యి పట్టుకుంది.

"నన్నొదిలేసి పోయినావు."

"ఈడ లాగితే గోడ రాదక్కా. చిక్కు ఆడుండాది."

"ఎట్ట తెలిసింది నీకు?"

"తెలీదు. అనుకున్నానంతే. నేను అనుకున్నది తప్పయ్యుంటే..."

ఆదివారం రంగనాయకులు వచ్చి డబ్బిచ్చి, సరస్సులో కట్టి ఉన్న పడవ విప్పుకుని పోయాడు. పేరమ్మ గట్టుకు రాలేదు.

సోమవారం పొద్దున సూళ్లూరుపేటలో మద్రాసు రైలు కూత వేసింది. కామాక్షయ్య కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అక్కా, ఉద్యోగం రాకపోతే?"

మూడు రోజులుగా ఆమె తనను తాను అడుగుతున్న ప్రశ్న అదే. రైలుతో పాటు నాలుగడుగులు నడిచింది.

"రాకపోతే ఇంటికి రారా," అంది. "మనిల్లు ఎంత దూరం పోయిందో అడగతా అడగతా రా."