ఇద్దరికీ ఒకటే రాయండి

మోకాళ్ల కింది గోనెపట్టాను ముందుకు జరుపుకుని జుల్మీరా మరో జానెడు పాకింది. తీగల మధ్య గడ్డి దుబ్బు చేతికి తగిలింది. వేలితో మొదలు వెతికి, మట్టి కదిపి, తెగకుండా వేరుతో సహా లాగింది. పైన తుంచితే వారానికి మళ్లీ మొలుస్తుంది. వేర్‌హామ్ ఊరి క్రాన్‌బెర్రీ మడుల్లో నలభై ఏళ్లుగా ఆమె పని ఇదే. ఇప్పుడు కలుపు, ఎండలు ముదిరాక కాలువల పూడిక, ఆకులు ఎర్రబడే రోజుల్లో పండ్ల కోత. ఆమెకు అరవై మూడేళ్లు. లేచి నిలబడాలంటే ముందు ఒక అరచెయ్యి నేలకు ఆనించాలి, రెండోది తొడ మీద వెయ్యాలి, ఆ తరువాత నడుము తనంతట తాను ఒప్పుకోవాలి.

పక్క వరసలో ఆల్బర్టీనా తలెత్తింది. "అక్కా, మళ్లీ వచ్చింది నీ టీచరమ్మ. ఇవాళ నిన్ను నల్లగా రాసుకుని గానీ కదలదు."

"ఎండలో నేనే నల్లబడుతున్నాను. ఆవిడకెందుకు శ్రమ," అంది జుల్మీరా.

గట్టు మీద డోరిస్ హాస్కెల్ నిలబడి ఉంది. ఊరి బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి మానేసిన మనిషి. ఆ ఏడు, అంటే పంతొమ్మిది వందల ఎనభైలో, జనాభా లెక్కల పనికి కుదిరింది. తెల్లటి బూట్లు తడి ఇసుకలో దిగబడుతుంటే కాలు మార్చి కాలు ఎత్తుతోంది. జుల్మీరా ఇంటి కాగితం రెండుసార్లు పై ఆఫీసు నుంచి వెనక్కి వచ్చింది. జాతి అన్న ప్రశ్న దగ్గర తెల్లవారికి ఒక సున్నా, నల్లవారికి ఒక సున్నా, ఇంకా ఎవరెవరికో ఉన్నాయి. ఏదో ఒకటి నింపాలి. జుల్మీరా అన్నిటికీ అడుగున 'ఇతరులు' అన్నచోట తనకీ తమ్ముడికీ కలిపి, అమ్మానాన్నలు వదిలి వచ్చిన దీవుల పేరు, 'కేప్ వర్డ్' అని రాసింది.

"అది దేశం పేరమ్మా, జాతి కాదు," అంది టీచరమ్మ ఓపికగా. "మీరు చెప్పకపోతే నన్నే చూసి రాసెయ్యమన్నారు."

"చూశారు కదా. ఏం రాశారు?"

టీచరమ్మ కాగితం తగిలించిన అట్టను గుండెకు హత్తుకుంది. జుల్మీరా మట్టి చెయ్యి చాచే ఉంచింది. చివరికి అట్ట ఆమె చేతికి వచ్చింది. జోకిమ్ బారోస్ పేరు ఎదుట తెల్ల సున్నా, జుల్మీరా బారోస్ పేరు ఎదుట నల్ల సున్నా, పెన్సిలుతో నున్నగా నింపి ఉన్నాయి.

"ఒకే అమ్మ, ఒకే నాన్న," అంది జుల్మీరా. "ఇద్దరం ఒకే మంచం మీద పుట్టాం. ఆ మంచం ఇంకా మా ఇంట్లోనే ఉంది. మధ్యలో గోడేమీ లేదు."

"నిన్న మీ తమ్ముణ్ణి అడిగాను. తెల్లవారేనా అంటే తలూపారు."

జుల్మీరా అట్ట తిరిగి ఇచ్చేసింది. గడ్డి దుబ్బు వేళ్లకున్న మట్టి దులిపింది.

దాదాపు నలభై ఏళ్ల కింద, యుద్ధానికి పిలిచిన రోజు అన్న లోరెన్సు, తమ్ముడు జోకిమ్ ఒకే బస్సులో పట్నం వెళ్లారు. బల్ల వెనక కూర్చున్న గుమాస్తా తలెత్తి ఒక్కొక్కరినీ చూశాడు. అమ్మ రంగు వచ్చిన లోరెన్సును ఎడమ వరసలోకి, నాన్న పచ్చ కళ్లు వచ్చిన జోకిమ్‌ను కుడి వరసలోకి పొమ్మన్నాడు. లోరెన్సు నల్ల పటాలంలో ఓడల సరుకు మోశాడు. జోకిమ్ తెల్ల సైనికుల బసలో నోరు మూసుకుని మూడేళ్లు గడిపాడు. ఒకసారి పక్క మంచంవాడు అతని పెట్టెలోని జుల్మీరా ఫోటో చూసి, "ఎవరిది, మీ ఇంటి వంటమనిషా?" అని అడిగాడు. జోకిమ్ తలూపాడు.

ఆ సంగతి అతను అక్కకు చెప్పడానికి ఇరవై ఏళ్లు పట్టింది. అప్పటికి లోరెన్సు పోయాడు. విన్నాక జుల్మీరా ఎనిమిది రోజులు పొయ్యి వెలిగించలేదు. "వంటమనిషి మానేసింది," అంది. తొమ్మిదో రోజు మొక్కజొన్న గింజలు, చిక్కుళ్లు, పంది మాంసం వేసి కషూపా వండి, తమ్ముడి పళ్లెం నిండా పెట్టింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

"పదండి," అంది ఇప్పుడు, అరచెయ్యి నేలకు ఆనించి లేస్తూ. "నా ముందు అడగండి."

కారు సీటు మీద మట్టి అంటుతుందని టీచరమ్మ పాత పేపరు పరిచింది. దారిలో జుల్మీరా తనంతట తానే మాట్లాడింది. "పొద్దున కాఫీ ఇస్తుంటే అన్నాడు. ఆవిడ మళ్లీ వస్తే నాది కూడా నువ్వే చెప్పక్కా, నేను చెబితే తప్పు చెబుతాను అని. నీ నోటికేమైందిరా, నువ్వే చెప్పు అన్నాను."

"మీరే చెప్పి ఉండొచ్చు కదా."

"వాడి నోటితో వినాలని ఉంది, టీచరమ్మా. ఒక్కసారి."

ఇంటి ముందు వసారాలో జోకిమ్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఊపిరితిత్తులు చెడి రెండేళ్లుగా అతని పగళ్లన్నీ అక్కడే. ఎండ అతని ఒళ్లోకి వచ్చింది. కారు తలుపు చప్పుడుకు ఎప్పుడూ వచ్చే దగ్గు రాలేదు. జుల్మీరా మెట్లెక్కి, వంగి, చెంప మీద చెయ్యి వేసింది. నడుముకు కట్టుకున్న గుడ్డతో అతని పెదవి మూల తుడిచింది. తరువాత తెరిచి ఉన్న చొక్కా పైగుండీ పెట్టింది.

"జోకిమ్," అంది, పిలిచినట్టు కాకుండా.

టీచరమ్మ అట్టను మెట్టు మీద బోర్లించి, ఫోను చెయ్యడానికి లోపలికి వెళ్లింది.

అంత్యక్రియలు చూసే ట్రిప్ గంటలో వచ్చాడు. నిదానస్తుడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని మరణ పత్రం తీశాడు. పేరు, పుట్టిన ఏడు, అమ్మానాన్నల పేర్లు అడిగాడు. ఒక గడి మాత్రం అడగకుండానే నింపి ముందుకు పోయాడు.

"అక్కడేం రాశారు?"

"తెల్ల అని," అన్నాడు ట్రిప్. "మీరు చూపిన సైన్యం కాగితంలో అలాగే ఉందమ్మా. రెండూ కలవకపోతే శ్మశానంలో సైనికుల వరసలో చోటివ్వడానికి అభ్యంతరం పెడతారు. పెట్టె మీద కప్పే జెండా కూడా ఆపుతారు."

"కొట్టెయ్యండి."

"ఈ బాధలో ఎందుకు చెప్పండి..."

"బాధ నాది. నేను చూసుకుంటాను. అరవై ఏళ్లుగా ఎవడో ఒకడు తలెత్తి చూడడం, రాసుకోవడం. అన్నను ఒకవైపు, వీణ్ణి ఒకవైపు తోశారు. ఇవాళ నేను చెబుతాను, మీరు రాయండి. కేప్ వర్డ్."

"వెనక్కి పంపుతారు."

"మళ్లీ ఇదే పంపుతాను."

"అంతవరకూ పూడ్చడం కుదరదమ్మా."

"ఎదురుచూస్తాను. వాడికి ఇప్పుడు ఎక్కడికీ తొందర లేదు," అంది జుల్మీరా.  బల్ల మీది కాగితాన్ని అతని వైపు జరిపింది. "సైనికుల వరస వద్దు. అమ్మ పక్కన చోటుంది."

ట్రిప్ పొయ్యి దగ్గర కాఫీ కాస్తున్న టీచరమ్మ వైపు చూశాడు. ఆమె బయటికి వెళ్లి అట్ట తెచ్చుకుని బల్ల చివర కూర్చుంది. రబ్బరుతో రెండు సున్నాలూ చెరిపింది. కాగితం చిరుగుతుందేమోనని మెల్లగా రుద్దింది.

"ఏప్రిల్ ఒకటో తేదీకి ఉన్నవాళ్లందర్నీ లెక్కపెట్టాలి," అంది ఎవరి వైపూ చూడకుండా. "ఆ రోజుకి ఆయన ఉన్నారు." అడుగు గీత మీద బడి అక్షరాల్లో రెండుసార్లు ఒకే మాట రాసింది. "మూడోసారి వెనక్కొస్తే నేనే తీసుకెళ్లి ఇస్తాను."

ట్రిప్ కొత్త కాగితం తీశాడు.

జుల్మీరా అతను రాసింది పైకి చదివించుకుంది. ఇంకోసారి తానే చదివింది. అప్పుడు చేతులు కడుక్కుని వచ్చి సంతకం పెట్టింది.

ట్రిప్ వెంట వచ్చిన మనుషులు ఇద్దరు జోకిమ్‌ను దుప్పటిలో తీసుకెళ్లారు. టీచరమ్మ ఉండనా అని అడిగింది. ఆల్బర్టీనా వస్తుందిలెండి అంది జుల్మీరా. టీచరమ్మ కారు మలుపు తిరిగేదాకా మెట్ల మీద నిలబడి, లోపలికి వెళ్లబోతూ ఆగింది. ఖాళీ కుర్చీ కింద జోకిమ్ చెప్పు ఒకటి ఉండిపోయింది, మడమ దగ్గర అణిగి, వీధివైపు తిరిగి.