మునిగిన ఓడలో కుట్టుమిషన్లు

పడవ ఎక్కిన మర్నాటికే వదినకు తిమింగలం అని పేరు పడిపోయింది. లావుగా ఉందని కాదు, మనిషి పుల్లలా ఉంటుంది. నీళ్ళలో ఆమె వీపున కట్టుకున్న సిలిండరు గాలి తాగేసే తీరు చూసి కెమెరా బాబాయి పెట్టాడు ఆ పేరు. అసలు తిమింగలం ఒక్క గుక్క పీల్చుకుని గంటసేపు లోపలే ఉండగలదు. మూరెడు కెమెరా మెడలో వేసుకు తిరిగే పెద్దమనిషికి ఆ మాత్రం తెలియకపోవడం విచిత్రమే.

వదిన అన్నది కూడా ఆమె పేరు కాదు. ఆడపడుచు రోజుకు వందసార్లు "వదినా, వదినా" అని పిలుస్తుంటే విని పడవలో ఉన్న పదిమందీ అదే పట్టుకున్నారు. ఆడపడుచు పళ్ళ డాక్టరు. సముద్రంలో మూడొందలసార్లు మునిగి లేచిన ఘనురాలు. వదిన దర్జీ. ముప్పై ఏళ్ళు కుట్టుమిషను ముందు కూర్చుని, నలభై తొమ్మిదో ఏట ఈత నేర్చుకుని, ఇప్పటికి ముచ్చటగా పదకొండుసార్లు మునిగింది.

ఈ వయసులో ఈ పిచ్చేమిటంటే, దానికి కారణం ఆడపడుచు నోరే. ఫలానా చోట ఒక సరుకు ఓడ మునిగి ఉందని, దాని కడుపులో పెట్టెలకు పెట్టెలు కుట్టుమిషన్లు డెబ్భై ఏళ్ళుగా పడి ఉన్నాయని ఒకనాడు భోజనాల దగ్గర చెప్పింది. వదిన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నేను చూడాలి" అంది. అందరూ నవ్వారు. ఏడాది తిరిగేసరికి నేర్చుకుని, పరీక్ష పాసై, పెట్టె సర్దుకుని నిలబడింది. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

ఐదు రోజులు పడవ మీదే తిండి, పడవ మీదే నిద్ర, పూటపూటా నీళ్ళలోకి మునక. పడవ వెనక భాగంలో ఒక తెల్ల పలక ఉండేది. పైకి వచ్చిన ప్రతివాళ్ళూ సిలిండరులో ఎంత గాలి మిగిలిందో దాని మీద రాయాలి. అందరూ క్షేమంగా వచ్చారో లేదో చూసుకోవడానికి పెట్టిన పలక అది. మనుషులు ఊరుకుంటారా, దాన్ని మార్కుల పట్టిక చేసేశారు. అందరూ గాలి ముల్లు రెండొందల మీద ఉండగా దిగేవారు. డాక్టరు నూట ఇరవై రాస్తే, వదిన యాభై రాసేది, దాని పక్కన కెమెరా బాబాయి తిమింగలం అని రాసేవాడు. దిగేది ఇద్దరిద్దరు జోడీగా, జోడీలో ఒకరి గాలి తగ్గితే ఇద్దరూ పైకి రావాల్సిందే. అందువల్ల నాలుగు రోజులూ వదినకు జోడీ అయిన డాక్టరు ఓడను బయటినుంచి చూసి ముఖం మాడ్చుకుని వచ్చింది.

ఓడ లోపలికి వెళ్ళాలంటే ఇంకో నియమం ఉంది. గైడు ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న ఆవిడ, మొహమాటం లేని మనిషి. బయట ఇసుక మీద జానెడు ఎత్తున మూడు నిమిషాలు కదలకుండా తేలి చూపించాలనేది. ఇసుక లేపినవాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు. వదిన రెండుసార్లు ప్రయత్నించింది. రెండుసార్లూ బుడగలా పైకి లేచి, బండలా కింద పడింది.

నాలుగో రోజు సాయంత్రం వదిన తువ్వాలు ఆరేస్తుంటే, గదుల పక్కన ఆడపడుచు గొంతు వినబడింది.

"రేపు ఆఖరి రోజండీ. నాకు వేరే జోడీ ఇస్తారా? మా వదిన పడవ మీదే ఉంటుంది లెండి, ఏమీ అనుకోదు."

"పొద్దున చూద్దాం" అంది గైడు.

వదినకు తల కొట్టేసినట్టయింది. ఏమీ అనుకోదట! ఆ రాత్రి భోజనం దగ్గర నిజంగానే ఏమీ అనలేదు. కానీ అనుకుంది, చాలా అనుకుంది.

తెల్లవారి డాక్టరు ఈత సూటు మోకాలి దగ్గర కుట్టు విడిపోయి కనిపించింది. వదిన కోపం వదిన దగ్గరే ఉంచుకుని, సంచిలోంచి సూదీ దారం తీసింది. చిరిగిన బట్ట కళ్ళెదుట ఉంటే ఆమె చేతులు ఊరుకోవు. కాఫీ తాగుతూ చూస్తున్న గైడు ఉన్నట్టుండి కప్పు కింద పెట్టేసింది.

"వదినగారూ, ఊపిరెందుకు బిగబట్టారు?"

"సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరెవరు తీస్తారండీ? చెయ్యి అదరదూ?"

"నీళ్ళలో కూడా ఇదే చేస్తున్నారా?"

వదిన ఆలోచించింది. చేపను చూసినా బిగబట్టేది, గాలి ముల్లు చూసినా బిగబట్టేది. ముప్పై ఏళ్ళ అలవాటు. ఊపిరి నిండా బిగిస్తే పైకి తేలేది, ఆగలేక ఒక్కసారి వదిలితే మునిగేది, ఆ ఆయాసానికి గాలి గటగటా తాగేసేది.

"అయ్యో, నా బుద్ధి మండా!" అంది.

"ఊపిరి ఆపకండి. నిదానంగా, ఒకే తూకంలో తీయండి."

తూకం వదినకు ఒకరు నేర్పాలా? పడవ చెక్కల మీద కాలు ఆడించడం మొదలుపెట్టింది. మడమ నొక్కితే ఊపిరి లోపలికి, వేలికొసలు నొక్కితే బయటికి. పట్టుబట్ట కుట్టేటప్పుడు తొక్కేంత మెల్లగా.

"తిమింగలం మిషను తొక్కుతోందే!" అన్నాడు కెమెరా బాబాయి. వదిన చెవిన వేసుకోలేదు.

"ఒక్క అవకాశం. తేలితే మీ ఇద్దరూ లోపలికి. లేకపోతే మీరు పైకి, ఆవిడ వేరే జోడీతో" అంది గైడు.

ఇసుక మీద వదిన మనసులో మిషను తొక్కింది. మడమ, వేలికొసలు. మడమ, వేలికొసలు. కింద ఒక్క ఇసుక రేణువు కదల్లేదు. గైడు మూడు వేళ్ళు చూపించి, ఓడ వైపు చెయ్యి చాపింది. నోట్లో గాలి గొట్టం లేకపోతే వదిన కేక పెట్టి ఉండేది.

గైడు కట్టిన తాడు పట్టుకుని, కెమెరా బాబాయితో సహా ఒకరి వెనక ఒకరు సరుకు గదిలోకి దిగారు. లైటు వెలుగులో కనిపించాయి. పెట్టెల చెక్క ఎప్పుడో కరిగిపోయింది, మిషన్లు మాత్రం వరుసలు వరుసలుగా అలాగే ఉన్నాయి. చక్రాలున్నాయి, సూది కడ్డీలున్నాయి. ఒక్క బట్ట కుట్టకుండా డెబ్భై ఏళ్ళు కూర్చున్నాయి పాపం. వదినకు కళ్ళద్దాల లోపలే నీళ్ళు తిరిగాయి. ఊపిరి మాత్రం ఆపలేదు.

సరిగ్గా అప్పుడే కెమెరా బాబాయి మంచి ఫొటో కోసం వెనక్కి జరిగి, కాళ్ళకు తొడిగిన రబ్బరు రెక్కలతో అడుగున ఉన్న బురదంతా లేపాడు. క్షణంలో చీకటి. లైటు వేసినా ఎదుట బురదే.

వదిన వేళ్ళు తాడు చుట్టూ ఉన్నాయి. దారం జారవిడిచే చేతులు కావవి. కానీ తన వెనకుండాల్సిన ఆడపడుచు తగల్లేదు. మూడొందల మునకల డాక్టరు మిషన్లను దగ్గరగా చూద్దామని తాడు వదిలేసింది!

వదిన వెంటనే ఊపిరి బిగబట్టబోయి, మడమ నొక్కింది. ఒక చెయ్యి తాడు మీదే ఉంచి, రెండోది చాపి మెల్లగా తడిమింది. ఇనుము తగిలింది. మళ్ళీ ఇనుము. ఆ తర్వాత మెత్తగా సూటు బట్ట, దాని మీద కుట్టు. దగ్గర దగ్గరగా వేసిన జంట కుట్టు, చివర రెండు ముళ్ళు. ప్రపంచంలో ఎవరి కుట్టయినా మరిచిపోవచ్చు గానీ, పొద్దున తను వేసిన కుట్టు మరిచిపోతుందా?

ఆ మోకాలు పట్టుకుని దగ్గరికి లాగింది. చెయ్యి వెతికి తాడు మీద పెట్టి, దాని మీద తన చెయ్యి గట్టిగా వేసింది. అలాగే జానెడు జానెడూ జరుపుకుంటూ వెలుతురులోకి తీసుకొచ్చింది. బాబాయిని గైడు బయటికి లాక్కొచ్చింది.

పైకి వచ్చాక పలక దగ్గర వదిన తొంభై రాసింది. డాక్టరు పెన్ను తీసుకుని నలభై రాసింది. తర్వాత వదిన భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"నన్ను క్షమించు వదినా. నిన్న నేనొక మాటన్నాను..."

"విన్నాలే. ముక్కు తుడుచుకో."

కెమెరా బాబాయి తడిసిన పిల్లిలా వచ్చి, పలక మీద తిమింగలం అని తను రాసిన చోట అరచేత్తో తుడిచాడు. పడవంతా చప్పట్లు కొట్టింది.

"తిరిగి బయల్దేరేలోపు ఇంకో మునకకు టైముంది" అంది గైడు. "జోడీలు చెప్పండి."

"నేను మా వదినతోనే" అంది డాక్టరు, అందరికంటే ముందు.

వదిన జుట్టు పిండుకుంటూ, నవ్వు ఆపుకుంటూ, "ఆలోచించి చెప్తాను" అంది.