థాంక్స్ చెప్పని ఆదివారం

క్రోబెరీ సందులో దారి మధ్యన గడ్డి మొలుస్తుంది. కార్లు తిరిగే దారిలో గడ్డి మొలవదు, అంతకంటే దాని గురించి చెప్పనక్కర్లేదు. రెండు పక్కలా ముళ్ళకంచెలు మనిషెత్తున పెరిగి, మే నెలలో తెల్లపూలతో భుజాలను రాసుకుంటాయి. మొత్తం మూడు మైళ్ళు. ఇరవై రెండేళ్ళుగా నేను కలప కోతమిల్లులో పనికి ఆ దారినే సైకిలు మీద వెళ్తున్నాను. నాకు ఎదురొచ్చింది గొర్రెలూ, ఎప్పుడైనా ఒక ట్రాక్టరూ.

ఆ సందు లేకపోతే మిగిలేది పెద్దరోడ్డు. దాని నిండా క్వారీ లారీలు. కిందటేడు ఒక లారీ అద్దం తగిలి విన్ ప్రీస్ పక్క గుంటలో పడింది. విన్‌కి డెబ్బై ఒకటి. బడిలో వంట చేసి రిటైరైంది, మూడు చక్రాల సైకిలు తొక్కుతుంది. చేతికట్టు విప్పిన రోజున నాతో అంది:

"ఒరే క్లైవ్, సందు ఉన్నన్నాళ్ళూ తొక్కుతాను. సందు పోతే ఈ బండిని పాత ఇనుముకి వేసేస్తాను. ఆ రోడ్డు మాత్రం మళ్ళీ ఎక్కను."

విన్ ఊరికే అనే మనిషి కాదు.

సందు పక్క పొలాన్ని మూడేళ్ళ కిందట పెన్‌రోజ్ అనే లండనాయన కొన్నాడు. దాంతో పాటు సందు కూడా తనదే అన్నాడు. ఆయన చేతిలో కాగితం ఉంది మరి. కౌన్సిల్ పటంలో ఆ సందు జనం దారిగా లేదు; గీసినవాడెవడో ఒక గీత మర్చిపోయాడు. అయితే మా దేశంలో ఒక పద్ధతి ఉంది. జనం ఒక దారిలో ఇరవై ఏళ్ళు ఎవరినీ అడక్కుండా, ఎవరికీ దాక్కోకుండా, ఏ తాళమూ విరగ్గొట్టకుండా తిరిగితే దాన్ని తమ దారిగా రాయించుకోవచ్చు. అడిగి తిరిగితే మాత్రం వందేళ్ళు తిరిగినా ఆ దారి యజమానిదే.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో తెలియలేదు. మా నాన్న ఏటి గట్టుకి చేపలకు వెళ్ళే బాట ఒకటుండేది. ఆ భూమి దొర మర్యాదగా ఒక అనుమతి కాగితం ఇస్తే, నాన్న మర్యాదగా సంతకం పెట్టాడు. మరుసటేడు అక్కడ ముళ్ళతీగ వచ్చింది. నాన్న తన గాలాలు మళ్ళీ ముట్టుకోలేదు.

ఏప్రిల్ చివరి గురువారం పెన్‌రోజ్ మా ఆదివారం సైకిలు జట్టుని ఊరి హాలుకి టీకి పిలిచాడు. పన్నెండుమందిమి వెళ్ళాం. బల్ల మీద నిమ్మకాయ కేకు, స్కోన్లనే చిన్న రొట్టెలు, జాము. కేకు పళ్ళేల పక్కనే కాగితాల కట్టా, పెన్నులూ ఉన్నాయి. అందరూ తిన్నారు. నేను టీ కూడా తాగలేదు.

పెన్‌రోజ్ లేచాడు. నీలం స్వెట్టరు, మట్టి ఎరగని బూట్లు.

"మీరందరూ నా సందుని ఎంత బాగా చూసుకుంటున్నారో నాకు తెలుసు. మిమ్మల్ని ఆపడం నాకిష్టం లేదు. ఈ చిన్న కాగితం మీద సంతకం పెడితే చాలు. డబ్బులేం వద్దు. హాయిగా తిరగండి."

చప్పట్లు కొట్టారు. ముందుగా లేచింది ట్రాంటర్ మాస్టారు. ఆయన మా జట్టుకి కార్యదర్శి. నేను పదిహేనో ఏట బడి మానేసిన నాడు, వీడు పోతే తరగతికి పట్టిన దుమ్ము పోయినట్టేనని పిల్లల ముందు అన్నది ఆయనే. ఆయన మర్చిపోయారు. నేను మర్చిపోలేదు.

మాస్టారు చదవకుండానే సంతకం పెట్టి కట్టని పక్కవాళ్ళకి జరిపారు. చదువుకున్నవాళ్ళకి చదవాల్సిన పని ఉండదు కాబోలు. కాగితాన్ని ఒకసారి చూస్తారు, అర్థమైపోతుంది. నేనలా కాదు. వేలు పెట్టి ఒక్కో మాటా చదవాలి. కట్ట నా దగ్గరికొచ్చేసరికి ఎనిమిదిమంది సంతకాలైపోయాయి.

నేను చదువుతూనే ఉన్నాను.

"క్లైవ్, అదేమన్నా బైబిలా?" అన్నారు మాస్టారు. నలుగురు నవ్వారు.

"ఓపిక పట్టండి మాస్టారూ. మీ దగ్గర చదువుకున్నవాణ్ణి కదా, ఆలస్యమవుతుంది."

ఈసారి నవ్వింది విన్ ఒక్కతే.

నాలుగో వరుసలో దొరికింది. పైకి చదివాను: "'ఇప్పటివరకూ నేను ఈ దారిని యజమానుల అనుమతితోనే వాడుకున్నానని ఒప్పుకుంటున్నాను.' మాస్టారూ, మీరు ఎప్పుడు అడిగారు అనుమతి?"

"అదొక పద్ధతి ప్రకారం రాసే మాటలే అబ్బాయ్. ఆయన మర్యాదగా పిలిచి ఇస్తుంటే..."

"నేనెవర్నీ అడగలేదు. ఇరవై రెండేళ్ళు పట్టపగలే తొక్కాను, అందులో పంతొమ్మిదేళ్ళు ఈయనకి ముందున్న యజమాని కిటికీ కింద నుంచే. ఆయన చూశాడు, ఏనాడూ ఏమీ అనలేదు. నేనూ పలకరించలేదు. నన్ను మోటువాడన్నారు. సరే, మోటువాణ్ణే. అడిగానని మాత్రం రాయను. ఈ వరుస మీద సంతకం పెడితే ఈ ఏడు తిరగనిస్తాడు. వచ్చే ఏడు కుదరదంటే మన చేతిలో ఏముంటుంది?"

పెన్‌రోజ్ నవ్వు చెరగలేదు. "మిస్టర్ బెడ్డోస్, మీ ఇష్టం. కానీ సంతకాలు లేకపోతే నేను సందు గేటుకి తాళం వేసే విషయం ఆలోచించుకోవాల్సి వస్తుంది."

మా ఊళ్ళో ఒకరి కేకు తిని వాళ్ళ మాట కాదనడమంటే బట్టలు విప్పుకుని నిలబడినట్టు. నూనె డిపో నడిపే డెరెక్ తన బూట్ల వంక చూస్తున్నాడు. సంతకం పెట్టనివాళ్ళ చేతులు కూడా పెన్నుల వైపు వెళ్తున్నాయి. విన్ చేతిలో పెన్ను అప్పటికే ఉంది.

"విన్, వద్దు," అన్నాను.

"అందరి ముందూ ఇలా గొడవ చేస్తావేంటి క్లైవ్," అని గొణిగింది డెరెక్ భార్య. "ఆయన ఇంత టీ పెట్టి..."

విన్ పెన్ను కింద పెట్టింది. "టీ ఆయన పెట్టాడా? టీపొడి హాలుది. ఆ కేకు నేను చేశాను, స్కోన్లూ నావే. ఊరి హాల్లో టీ అంటే చేసి తెచ్చాను, ఎప్పటిలాగే. ఈ బల్ల మీద పెన్‌రోజ్ గారిది ఏదన్నా ఉందంటే ఆ కాగితమే." తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్లకాలి కింద దూర్చింది. "ఇప్పుడు కుదురుగా ఉంది."

డెరెక్ చెయ్యి చాచి తన సంతకం కాగితాన్ని వెనక్కి లాక్కున్నాడు. ఇంకో ముగ్గురు కూడా. మాస్టారు తీసుకోలేదు. ఆయన మాటిచ్చారట. ఆయనతో పాటు మరో ముగ్గురు మర్యాదస్థులు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి సందు దగ్గరికి నలుగురమే వచ్చాం. నేను, విన్, డెరెక్, అతని భార్య. గేటుకి తాళం వేసి ఉంటుందని అనుకున్నాను. లేదు. తాళం వేస్తే కౌన్సిల్ వాళ్ళు వచ్చి ఇరవై ఏళ్ళ సంగతి అడుగుతారు. ఆ మాట ఆయనకెవరో లాయరు చెప్పే ఉంటాడు. తాళానికి బదులు పెన్‌రోజే నిలబడి ఉన్నాడు. గేటు బార్లా తెరిచి, ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో రండి రండి అంటున్నాడు. గేటు స్తంభం వెనక ఆయన భార్య ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది.

"గుడ్ మార్నింగ్. దయచేయండి. మీకోసమే తెరిచాను."

గేటు తీసి పట్టుకున్న మనిషికి థాంక్స్ చెప్పకుండా వెళ్ళడం మాకు చేతకాదు. పాలు తాగే నాటి నుంచీ నేర్పిన మాట అది. ఆ మాట ఆ ఫోనులో పడిందా, అడిగి తిరిగినట్టే. పక్కకి చూశాను. విన్ పెదాలు అప్పటికే కదులుతున్నాయి.

"విన్," అన్నాను మెల్లగా, "నిమ్మకాయ కేకులో చక్కెర ఎంత వేస్తావు?"

"ఏంటీ?" అంది. పెదాల మీది మాట పోయింది. నా మొహం చూసి అర్థం చేసుకుంది. నోరు గట్టిగా మూసింది.

నేను సైకిలు దిగాను. పెన్‌రోజ్ పట్టుకున్న గేటుని పై పలక దగ్గర పట్టుకుని, ఆయన చేతిలోంచి మెల్లగా లాగి మూసేశాను. గొళ్ళెం పడిన చప్పుడు అందరికీ వినపడింది. ఆయన తెల్లబోయి పక్కకి జరిగాడు. ఆ గొళ్ళెం నేనే ఎత్తి, రోజూలాగే ఎవరినీ అడక్కుండా గేటు తెరిచాను.

"వెళ్ళండి," అన్నాను మావాళ్ళతో.

డెరెక్ వెళ్ళాడు. అతని భార్య తల దించుకుని, ఎర్రబడ్డ మొహంతో వెళ్ళింది. విన్ మూడు చక్రాలూ గుంటలో పడి లేస్తూ, నిటారుగా కూర్చుని, పెన్‌రోజ్ కళ్ళలోకి చూస్తూ వెళ్ళింది. ఒక్క మాట లేదు. ఆవిడ జీవితంలో అంత కష్టమైన పని చేసి ఉండదు.

చివర్న నేను దాటి, వెనక్కి తిరిగి గేటు మూశాను. గొర్రెలున్నాయి కదా. ఇరవై రెండేళ్ళుగా మూస్తూనే ఉన్నాను, ఎవరూ చెప్పకుండానే.