పైచార

...ఈ పైచార మురికే అయితే మూడుసార్లూ సరిగ్గా అదే ఎత్తులో ఎందుకు ఆగుతుంది? మురికికి అంత క్రమశిక్షణే ఉంటే ఈ ల్యాబ్‌లో సింకు ఎప్పుడో బాగుపడేది.

ఆమె చేతిలో బ్లేడు, ఎదుట పళ్లెంలో నీలిచారల తడి జెల్. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా లోపలి పొరను డిటర్జెంట్‌తో కరిగించి, అందులోని ప్రోటీన్ కాంప్లెక్సులను కరెంటు పెట్టి ఆ జెల్‌లో పరుగెత్తిస్తారు. చిన్నవి కిందికి పోతాయి, పెద్దవి పైనే ఆగుతాయి. ఆ కాంప్లెక్సులు పొరలో దేనికది తేలుతుంటాయి, ఎలక్ట్రాన్లు చేతులు మారేది దారిలో తగిలినప్పుడేనని ప్రొఫెసర్ ఇరవై ఏళ్లుగా చెబుతున్నాడు. కనుక విడి కాంప్లెక్సులకన్నా పైన ఆగేదంతా మురికి. ఫోటో తీసేముందు పైభాగం కోసెయ్యడం ఈ ల్యాబ్ ఆచారం.

గోటితో పోయేదానికి ఇన్నాళ్లూ గొడ్డలి వాడారేమోనని, ఈసారి ఆమె మెతక రకం డిటర్జెంట్ వాడింది. పైచార చిక్కబడింది. దాన్ని విడదీసి చూస్తే ఒకటో, మూడో, నాలుగో నంబరు కాంప్లెక్సులు మూడూ అందులోంచే బయటపడ్డాయి. పొరలో అవి కలిసే ఉన్నాయి. విడగొట్టింది డిటర్జెంటే.

ఆ మాట పైకి అందామంటే, ఆమె థీసిస్ మీద ప్రొఫెసర్ సంతకం ఇంకా పడలేదు. ఒంటరిగా భోంచేసే మనిషికి ప్రోటీన్లూ ఒంటరిగానే కనిపిస్తాయని ఆయన్ని ఎప్పుడో విశ్లేషించేసింది. తన మనసు దగ్గరికి వచ్చేసరికి ఆ విశ్లేషణ సాగదు. నాలుగేళ్లుగా ఆ పైభాగాన్ని తనే కోస్తోంది. కోసిన ప్రతిసారీ హాయిగానే ఉండేది. భయాన్ని ఓపిక అని పిలుచుకుంటే ఎంత గౌరవమో!

"ఏమ్మా, ఇంకా కొయ్యలేదూ?" వెనకనుంచి ప్రొఫెసర్.

"పైచారలో మూడూ ఉన్నాయి సార్. మూడుసార్లు చూశాను."

"ముప్పైసార్లు చూడు. సరిగ్గా కరగని ముద్ద అది."

"మెతక డిటర్జెంట్‌తో ఇంకా చిక్కబడింది సార్..."

"మీ తరానికి తిండికీ గుంపే, సినిమాకీ గుంపే. ఇప్పుడు ప్రోటీన్లక్కూడానా!" ఆయన నవ్వాడు. "రేపు థీసిస్ చూస్తానన్నాను కదా. శుభ్రమైన ఫోటో పెట్టు తల్లీ."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లను ఆమె చూసింది. నాలుగో కాలు నరకడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకున్నవాణ్ని చూడడం ఇదే. ఆ మనిషి తనే.

ఆయన కదల్లేదు. ఆమె బ్లేడు పక్కన పెట్టి, జెల్‌ను రెండు చేతులా ఎత్తి, పైనుంచి కిందిదాకా స్కానర్ మీద పరిచి, మూత వేసి బటన్ నొక్కింది.