భార్య కూడా అదే చెబుతోంది

డబ్లిన్‌లో తలదాచుకున్న అద్దె గదిలో డోర్కస్ పొద్దున్నుంచీ భర్త కోటుకు అంటిన బురద గీకుతోంది. ఈరోజు ఆంబ్రోస్ వాంగ్మూలం ఇవ్వాలి. కిందటి అక్టోబరులో ఐరిష్ వాళ్లు తిరగబడి, తమ నేలను ఆక్రమించుకున్న ఇంగ్లీషు కుటుంబాలను ఎలా చంపారో, చూసినవాళ్ల చేత చెప్పించి రాయిస్తున్నారు. మగవాడు చెబుతాడు. దాని కింద గుమాస్తా ‘భార్య కూడా అదే చెబుతోంది’ అని ఒక్క వరుస రాస్తాడు. ఆమె బైబిలు మీద ప్రమాణం చేసి ఆ వరుస పక్కన గీటు పెట్టాలి. భార్యకు వేరే కళ్లుంటాయని ఎవరికీ తోచలేదు కాబోలు.

“అడిగితే తలూపు, చాలు. నోరు విప్పావంటే ఇద్దరం రోడ్డున పడతాం,” అన్నాడు ఆంబ్రోస్, చేతులు చాపి కోటు తొడిగించుకుంటూ.

“ప్రాణం మీదికొస్తే మగాడు నానా గడ్డీ కరుస్తాడమ్మాయ్. నిన్ను బతికించాడుగా, అది చూసుకో,” అంది అత్త. ఆవిడ కూతురి పురిటికని ముందే ఈ ఊరొచ్చేసింది. అక్కడేం జరిగిందో కొడుకు చెప్పినంతే తెలుసు.

నిన్ను బతికించాను. ఐదు నెలలుగా ఇదే పాట. గంజి మాడినా ఇదే, ఒంట్లో బాగాలేక పక్కమీద అటు తిరిగి పడుకున్నా ఇదే. బతికించమని తను అడిగిందా? అసలు ఆ వేళ తనను ఎవరైనా ఏమైనా అడిగారా?

తిరుగుబాటుదార్లు ఊళ్లోని ఇంగ్లీషు వాళ్లందరి బట్టలూ ఊడదీసి వంతెన మీదికి తోలారు. మధ్యలో పలకలు పీకేశారు. వెనక బల్లేలు, ముందు మంచులాంటి నీళ్లు. ముసలి నేతగాడు కడుపులో బల్లెం దిగి, జారుతున్న పేగుల్ని చేత్తో పట్టుకునే దూకాడు. వడ్రంగి పెళ్లాం చంకలో బిడ్డతో పడింది. బిడ్డ ఒక్కటే ఒకసారి పైకి తేలింది. అప్పుడు ఆంబ్రోస్ మోకాళ్ల మీద పడి సిలువ గుర్తు వేసుకున్నాడు. “మీ కాథలిక్ మతంలో కలుస్తాను, నన్నూ నా పెళ్లాన్నీ వదిలెయ్యండి!” వాళ్ల నాయకుడు నవ్వి, ఇద్దర్నీ ఒడ్డుకు దింపి, అతనికి ఒక గడకర్ర అందించాడు. “కలిశావో లేదో చూద్దాం. ఒడ్డెక్కేవాళ్లని తొయ్యి.”

తోశాడు. ముఖాల మీద, వేళ్ల మీద పొడిచి మరీ తోశాడు. వీపుకి బల్లెం ఆనించి ఉన్నవాణ్ణి ఏమంటాం? అంతవరకూ డోర్కస్ ఎలాగో మింగుకోగలదు. కానీ కాసేపటికి వాళ్లంతా పక్క ఊరి మీదికి వెళ్లిపోయారు. ఒడ్డున మొగుడూ పెళ్లాలిద్దరే మిగిలారు. డోర్కస్ చెల్లెలు మెర్సీ నీళ్లలోంచి తేలి, చెట్టు వేరు పట్టుకుంది.

“బావా, చెయ్యందించు బావా! నేనెవ్వరికీ చెప్పను.”

ఆంబ్రోస్ వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. గడకర్ర ఆమె గొంతుకు ఆనించి, నీళ్లలో తన్నుకోవడం ఆగేదాకా అదిమిపెట్టాడు. డోర్కస్ అతని భుజం కండ ఊడేలా కొరికింది. మోచేత్తో తిరిగి కొట్టిన దెబ్బకు ఆమెకు రెండు పళ్లు రాలాయి.

“చెయ్యి అందలేదయ్యగారూ. ఆ రాక్షసులు నా కళ్లముందే మా మరదల్ని ముంచేశారు,” అని ఆంబ్రోస్ ఇప్పుడు, వాంగ్మూలాలు తీసుకునే పాదిరీగారి ముందు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. గుమాస్తా అంతా రాసి, కింద ఆ వరుస చేర్చి, కాగితం డోర్కస్ వైపు తిప్పాడు.

“గీటు పెట్టమ్మా.”

నిజం చెబితే మొగుడికి ఉరి. అత్త జుట్టు పట్టుకుని బయటికి ఈడుస్తుంది. ఈ చలిలో, ఈ ఊళ్లో, తనకు ఒక్క గుమ్మం తెలియదు. ఆంబ్రోస్ చెవి దగ్గర గొణిగాడు. “నీకోసమే చేశానే.”

తన పేరు చెప్పుకుని చంపాడు. ఇప్పుడు తన గీటుతో చేతులు కడుక్కుంటాడు. డోర్కస్‌కి ఒళ్లు మండిపోయింది. కలం బల్లమీద పెట్టేసింది.

“అయ్యగారూ, నేను అదే చెప్పడం లేదు. ఇంకో కాగితం తియ్యమనండి.”

గుమాస్తా, రాయమంటారా అన్నట్టు ఆంబ్రోస్ ముఖంలోకి చూశాడు.

“ఆయన్నెందుకు చూస్తారు? నన్ను చూసి రాయండి,” అంది డోర్కస్. “నా చెల్లెల్ని చంపింది ఐరిష్ వాళ్లు కాదు.”