గోడ అవతలి ఉత్తరం

ఆ అక్కాచెల్లెళ్ళు చేసిన వీడియో గేమ్‌కి ఏ లోటూ లేదు, కొనేవాళ్ళు లేకపోవడం తప్ప.

గేమ్‌లో ఒక నత్త ఉంటుంది. తోటలో ఉత్తరాలు పంచడం దాని ఉద్యోగం. కోడ్ అక్క రాసింది, బొమ్మలు చెల్లి వేసింది. సైకిల్ షాపు మీదున్న ఒంటి గదిలో, కింద సుత్తి దెబ్బలు వింటూ, రెండేళ్ళు కిందా మీదా పడి పూర్తి చేశారు. అక్క చెయ్యి మరీ ధారాళం. పన్నెండు ఉత్తరాలూ, అంటే తోట మొత్తం, ఉచితంగా ఇచ్చేసింది. డబ్బు కడితే వచ్చేవల్లా నత్తకి టోపీలు. నాలుగు వేల మంది ఆడారు, ఆహా ఓహో అన్నారు, నత్తని బోడితలతోనే తిప్పుకున్నారు. టోపీలు కొన్నది పదకొండు మంది. అందులో ముగ్గురు చుట్టాలు.

"చుట్టాలు లెక్కలోకి రారు," అంది అక్క. జాలిపడి కొన్నవాళ్ళని కలుపుకోవడం ఆవిడకి నామోషీ.

ఇంతలో ఒక కంపెనీ అక్కకి ఉద్యోగం ఇస్తామంది. జీతం బాగానే ఉంది. పని మాత్రం ఎవరో రాసిన కోడ్‌లో రోజంతా తప్పులు వెతకడం. తలుచుకుంటేనే అక్కకి నీరసం వచ్చేది. శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా జవాబు చెప్పాలి. ఆలోపు కొత్తగా వంద మంది కొంటే రెండో గేమ్ మొదలు, లేకపోతే గది ఖాళీ అనుకున్నారు ఇద్దరూ.

"ఈసారి నాకొదిలెయ్," అని చెల్లి రంగంలోకి దిగింది. మూడో ఉత్తరం దగ్గర తాళం వేసింది. పాపం నత్త పడుతూ లేస్తూ కప్ప తాతగారి గుమ్మం దాకా పాకి, తలుపు తట్టబోయేసరికి, ముందు డబ్బు కట్టమని వచ్చేది. సోమవారం పొద్దున పెడితే మధ్యాహ్నానికల్లా జనం దుమ్మెత్తిపోశారు. "ముసలాయన ఉత్తరం కోసం కాచుకుని కూచుంటే గుమ్మంలో బేరాలా?" అని ఒకాయన పేజీడు రాశాడు.

అంతకన్నా గట్టిగా కేకలేసింది మేనత్త. ఆవిడ ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. భోజనం తెచ్చిన సంచి ఇంకా కింద పెట్టనేలేదు.

"ఏమే, బుద్ధుందా మీకు? స్టాపు పది గజాల్లో ఉందనగా బస్సాపి టికెట్ అడుగుతారా?"

"మరెప్పుడు అడగాలత్తా?" అంది చెల్లి.

"ఎక్కుతుండగా అడిగితే దిగిపోతారు. దిగాక అడిగితే దొరకరు. నేను మొదటి స్టాపు దాకా అడిగేదాన్నే కాదు. సీటు దొరకాలి, సంచి ఒళ్ళో సర్దుకోవాలి, కిటికీలోంచి గాలి తగలాలి. అప్పుడు వెళ్ళి పక్కన నిలబడితే వాళ్ళే చిల్లర తీస్తారు."

"మొదటి స్టాపులోనే దిగిపోతే?"

"దిగనీ. రేపు మళ్ళీ ఈ బస్సే ఎక్కుతారు. మా డిపోలో మాత్రం చెప్పకు!"

అక్కాచెల్లెళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. రెండు రాత్రులు కూర్చుని తోట మధ్యలో గోడ కట్టారు. ఇవతల ఆరు ఉత్తరాలు ఉచితం. కప్ప తాతగారి ఉత్తరాన్ని మూడో చోటు నుంచి ఆరో చోటికి జరిపారు. ఆయన తలుపు తీసి, ఉత్తరం చదివి, కళ్ళు తుడుచుకుని, జవాబు రాసి నత్త వీపు మీద పెడతాడు. చిరునామా గోడ అవతల. ఇక్కడితో చాలనుకున్నవాళ్ళు హాయిగా ఇంటికి పోవచ్చు. గోడ దాటాలంటే టికెట్ కొనాలి. టోపీలంటారా, అవి అందరికీ ఊరికే.

బుధవారం సాయంత్రానికి పదిమంది కొన్నారు. గురువారానికి యాభై. శుక్రవారం నాలుగున్నరకి తొంభై ఆరు. అక్క గోళ్ళన్నీ కొరికేసుకుంది. ఐదుకి ఏడు నిమిషాలుందనగా వంద పడింది. చెల్లి వేసిన గంతుకి కింద సుత్తి చప్పుడు ఆగిపోయింది.

మూల కూర్చుని ఫోన్ చూసుకుంటున్న మేనత్త, "నాదీ కలిసిందన్నమాట," అంది.

అక్క గిరుక్కున తిరిగింది. "నువ్వు కొన్నావా? నీ ఫోన్లో మొత్తం గేమ్ పెట్టిచ్చానుగా!"

"దాన్ని ముట్టుకుంటే ఒట్టు."

"చుట్టాలు లెక్కలోకి రారత్తా. తొంభై తొమ్మిదే." అక్క నెమ్మదిగా కంపెనీ ఉత్తరం తెరిచింది.

మేనత్త ఒంటికాలి మీద లేచింది. "ఎవరే చుట్టం? మొదటి స్టాపు దాటాక మా ఆయన్నైనా టికెట్ లేకుండా కూర్చోనివ్వలేదు నేను. టికెట్ కొన్నవాళ్ళు ప్రయాణికులు, అంతే! నీ మీద జాలితో కొన్నాననుకున్నావా? ఆ కప్పాయన జవాబు ఎవరికి రాశాడో తెలియక నాకు అన్నం సయించలేదు, అందుకు కొన్నాను."

అక్క కంపెనీ ఉత్తరం పక్కకి నెట్టింది. "ఇంతకీ తెలిసిందా?"

"ఇంకా ఆరు ఉత్తరాలున్నాయి. మధ్యలో చెప్పావంటే వీపు చిట్లగొడతాను."

అక్క ఏడుస్తూ నవ్వింది. ఐదు కాకముందే రాలేనని కంపెనీకి రాసి పంపేసింది. చెల్లి అక్క మెడ పట్టుకుని వేలాడుతోంది. మేనత్త వాళ్ళ వైపు తిరిగి కూడా చూడలేదు, నత్త గోడ దిగుతోంది మరి.